రాజ్యాన్ని ఆ ఇద్దరితో కలిపింది నేనే

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ మాట ‘మూడో’. మస్కట్‌లోని రూవిలో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ వెనకగదిలో, ఒక శుక్రవారం సాయంత్రం, పంపడానికి సిద్ధంగా ఉన్న వార్తలో ‘మరో తెలుగు మహిళ హత్య’ అన్నచోట ‘మరో’ తీసేసి ‘మూడో’ అని కొట్టాను. కొట్టేటప్పటికి అది అబద్ధమని నాకు తెలుసు. అబద్ధమని చెప్పిన మనిషి అప్పుడే నా గది దాటి మెట్లు దిగుతోంది. ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తూ ఉండగానే వార్త పంపేశాను.

మీరు క్షమిస్తారని ఇది రాయడం లేదు. మీరు క్షమించినా నాకు దానితో పని లేదు. ఎందుకు ఇన్నాళ్లు దాచావు, ఇప్పుడెందుకు చెబుతున్నావు అని అడిగేవాళ్లు ఉంటారు. అడగనివ్వండి.

అది రెండువేల ఎనిమిది. ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, అక్కడ విసిగి, మస్కట్ వెళ్లాను. పగలు ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పాత పత్రికకు గల్ఫ్ వార్తలు పంపేవాణ్ణి. దాని ఆదివారం అనుబంధానికి ఒక సీరియల్ కూడా రాస్తుండేవాణ్ణి. విక్టోరియా రాణి కాలంలో లండన్ తూర్పు పేటల్లో పేద ఆడవాళ్లను చంపి, ఎవరికీ దొరక్కుండా పోయిన హంతకుడి గురించి. వాడు ఎవడన్నదే అందరూ రాసే సంగతి. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. వాడు చంపింది ఎవరెవరిని? ఐదుగురినని ఎక్కువమంది అంటారు. అందులో ఒకామె వాడి చేతిలో పోలేదని కొందరు. అంతకు ముందు పోయినవాళ్లను, తర్వాత పోయినవాళ్లను కూడా చేర్చి ఆ సంఖ్యను రెట్టింపు చేసినవాళ్లూ ఉన్నారు. ఆ పేటలో ఒక ఆడమనిషి చావడానికి మొగుడు చాలు, తాగొచ్చిన సిపాయి చాలు. కానీ ఆ రోజుల్లో ఏ శవం దొరికినా పత్రికలు వాడి ఖాతాలోనే వేసేవి. అలా వేసిన ప్రతిసారీ ఇంకెవడో చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లి అన్నం తిని ఉంటాడని ఒక వారం రాశాను. పాఠకులు ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. నేనూ మెచ్చుకున్నాను. ఎంత తెలిసినవాడినో కదా.

ఆ ఎండాకాలంలోనే సముద్రం ఒడ్డున ఒక స్త్రీ శవం దొరికింది. కొన్ని వారాలకు ఒక వాదీలో, అంటే వాన పడ్డప్పుడు మాత్రమే పారే వాగులో, ఇంకొక ఆమె. రెండో ఆమెది కడప జిల్లా. ఇళ్లల్లో పనిచేసేది. రెండు వార్తలూ నేనే పంపాను. పనిమనుషుల మధ్య ఒక కథ పుట్టింది. నల్లద్దాల తెల్ల పికప్ బండి ఒకటి తిరుగుతోందట, ఒంటరిగా నిలబడ్డ ఆడవాళ్లను ఎక్కించుకుంటోందట. ఆ కథ నాకు మొదట చెప్పింది షంషాద్. ఆమెదీ కడపే. రూవిలో రెండు మూడు ఇళ్లల్లో వంట చేసేది. ఆమె వల్ల ఆ కథ ఎంత దూరం పోయిందో, నా వల్ల ఎంత దూరం పోయిందో విడదీసి చెప్పలేను. బస్సు కోసం కూడా ఆడవాళ్లు జంటగా నిలబడటం మొదలుపెట్టారు.

రాజ్యం గోదావరి జిల్లా మనిషి. ఇంటిపని వీసా మీద వచ్చి, ఆ ఇంట్లో ఉండలేక బయటికి వచ్చేసింది. అలా వచ్చేసినవాళ్లకు కాగితాలు ఉండవు. ఆమెకు మస్కట్ అవతల బర్కాలో, ఖర్జూర తోటల మధ్య ఒక గది చూపించింది మేస్త్రి. తోటపనివాళ్ల ముఠాకు మేస్త్రి. మా వాళ్లలో ఎవరైనా చనిపోతే ఆస్పత్రికీ ఆఫీసులకూ తిరిగి, శవాన్ని ఊరికి పంపించే దాకా నిద్రపోని మనిషని పేరు. అందరికీ కావలసినవాడు. నేను మస్కట్‌లో దిగిన కొత్తలో పక్క వేసుకోవడానికి తన రూమ్‌లో చోటిచ్చింది కూడా అతనే. శుక్రవారాలు అతని రూమ్‌లోనే నా భోజనం.

రాజ్యం శవం ఖర్జూర చెట్ల వరుసల మధ్య దొరికింది. మెడ మీద గుర్తులున్నాయి.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. ఒక పనిమనిషి చనిపోతే ఆమె సొంత జిల్లా ఎడిషన్‌లో, లోపలి పేజీలో, చిన్న ముక్క. అంతకుముందు చావులతో ముడిపెడితే మొదటి పేజీ. దాన్ని డెస్కులో ‘కలిపి ఇవ్వడం’ అంటారు. లారీ ప్రమాదాలను కలిపి ఇస్తాం, కుక్కకాట్లను కలిపి ఇస్తాం. ముడి ఉందో లేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు, ఉందని అనిపిస్తే చాలు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ పని నేర్పినవాణ్ణి నేను.

ఆ శుక్రవారం షంషాద్ ప్రెస్‌కు వచ్చింది. ఎప్పుడూ మెట్ల కింద నిలబడి ఫోన్ చేసే మనిషి నేరుగా లోపలికి వచ్చి నా స్క్రీన్ వైపు చూసింది.

“రాజ్యం సంగతేనా రాస్తాండేది?”

అవునన్నాను.

“ఆ ఇద్దర్నీ సంపినోడే ఈమెనీ సంపినాడని రాస్తాండావా?”

“అందరూ అదే అంటున్నారు కదా. నువ్వే కదా పికప్ బండి అన్నావు.”

“అంటి. ఎవురో అంటే నేనూ అంటి. ఇప్పుడు జెప్తాండా విను. రాజ్యం సచ్చిపోయే ముందు రోజు నాకు ఫోన్ జేసింది. ఔట్‌పాస్ తీసుకోని ఇంటికి పోతానక్కా అన్యాది. మేస్త్రి పోనీడంల్యా అన్యాది.”

కాగితాలు లేనివాళ్లు స్వదేశం వెళ్లడానికి ఎంబసీలో తీసుకునేది ఔట్‌పాస్.

“ఎందుకు పోనివ్వడు?”

“యాడుంటివి, ఎవురు దాపెట్టిరి అని అడుగుతారంట గదా. ఆయప్ప పేరు జెప్పాల్సొస్తాది. ఆ తోటల్లో ఇంగెంతమంది ఆడోళ్లను పెట్టుకోనుండాడో ఆయప్పకే తెల్సు. అందరూ బయట పడతారు. అయినా పోతా, నాకు బయంల్యా అన్యాది.”

“మేస్త్రి అంటే… మన మేస్త్రేనా?”

“నీకెంతమంది మేస్త్రిలుండారన్నా? శుక్రారం శుక్రారం ఎవురి రూమ్‌లో చాపల కూర తింటావో ఆ మేస్త్రే.”

“నువ్వు చూశావా?”

“సూసింటే నేనూ ఆ చెట్ల కిందనే ఉందును.”

“పోలీసులకు చెప్పు.”

ఆమె నవ్వింది. “నేను పోతే ఫస్టు నా బతాకా అడుగుతారు. నాకేడుండాది? నీకు బతాకా ఉండాది. నోరుండాది. పేపరోనివి.”

బతాకా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు.

“పేరు రాయలేను షంషాద్. రుజువు లేదు.”

“పేరెవురు రాయమన్యారు? ఇడిగా రాయి. వాళ్లిద్దరితో కలపాకుండా రాయి, అంతే. ఇడిగా రాస్తే ఎవురో ఒకరు అడుగుతారు, ఈయమ్మ యాడుంటాండె, ఎవురితో ఉంటాండె అని. కలిపితివంటే ఇంగెవురూ అడగరు.”

ఆలోచిస్తానన్నాను. “నువ్వాలోసించేలోపల పేపర్ అచ్చు పడతాదిలే,” అని వెళ్లిపోయింది.

ఇండియాలో, పత్రికాఫీసులో, అప్పటికే పేజీలు కట్టే వేళ. నేను ఆలోచించలేదు. మాట మార్చాను, పంపాను.

ఎందుకు? భయపడ్డానని రాసుకుంటే బాగుంటుంది. భయానికి లోకంలో కొంత జాలి దొరుకుతుంది. కానీ నాకు భయం లేదు. మేస్త్రి నన్నేమీ చేయగలిగేవాడు కాదు. నా వీసా అతని చేతిలో లేదు. పేరు రాయమని కూడా ఎవరూ అడగలేదు. విడిగా రాయమన్నారు, అంత చిన్న పని. మరి స్నేహమా? అన్నం పెట్టిన చేతిని అనుమానించలేకపోయానా? అదీ కొంత ఉంది. షంషాద్ మాట మీద నమ్మకం లేకపోయిందా? లేదు, నమ్మాను. ఆమె ‘మేస్త్రి’ అన్న క్షణంలోనే నమ్మాను, ఎందుకంటే ముందు వారం అతని రూమ్‌లో రాజ్యం పేరు వచ్చినప్పుడు అతను మాట తప్పించడం నేను చూశాను, చూసి, విలేకరిగా అది మనసులో గుర్తు పెట్టుకుని, ఇంకో ముక్క చేప వడ్డించుకున్నాను. ఈ కారణాలన్నీ ఇన్నేళ్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. అన్నింటికన్నా ముందున్నది మొదటి పేజీయే. నూట ఇరవై ఏళ్ల కిందటి లండన్ గురించి రాస్తున్నవాడికి తన ఊళ్లోనే అలాంటి వార్త దొరికింది. వదులుకోలేదు.

వార్త మొదటి పేజీలో వచ్చింది. మిగతా పత్రికలు అందుకున్నాయి, టీవీలు అందుకున్నాయి. ఆ గొడవ వల్లే రాజ్యం శవం త్వరగా ఊరు చేరింది. ఇది నిజం. చాలా ఏళ్లు ఈ నిజాన్ని కప్పుకుని పడుకున్నాను. నేను కలిపి రాయకపోతే ఆ శవం మార్చురీలో ఎన్ని నెలలు ఉండేదో అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోను. ఆ శవం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు మేస్త్రి. నా వార్త ఉన్న పేపర్ చేత్తో పట్టుకుని తిరిగాడు. బాగా రాశానని నాతో అన్నాడు. ఆ పై శుక్రవారం నేను అతని రూమ్‌కు వెళ్లాను. తిన్నాను.

షంషాద్ చెప్పినట్టే జరిగింది. రాజ్యం ఎవరితో ఉండేదని ఎవరూ అడగలేదు. అందరూ తెల్ల పికప్ కోసం వెతికారు. మేస్త్రి కొన్ని నెలలకు దుక్మ్ అనే ఊరికి వెళ్లిపోయాడు. అక్కడ రేవు పనులు మొదలయ్యాయి, మనుషులు కావాలన్నారు. షంషాద్ ఆ తర్వాత ఒక్కసారి రూవి బస్టాండులో కనిపించింది. నన్ను చూసి, పక్కనున్న ఆమెతో మాట్లాడుతూనే ముఖం తిప్పుకుంది. పిలిచే ముఖం నాకు లేదు. పిలవలేదు.

ఇప్పుడెందుకంటే, ఈమధ్య వీడియోలు చేసే ఒకతను ఫోన్ చేశాడు. ‘ఒమన్ ముగ్గురు’ అని ఒక భాగం చేస్తున్నాడట. నా వార్తలోని మాటలే నాకు చదివి వినిపించాడు. మూడో ఆమె ఆ ఇద్దరిలో కలవదని చెప్పాను. మూడోది తీసేస్తే ఇంక కథేముంది సార్ అన్నాడు. పొరపాటున అన్నా, సరిగ్గా అన్నాడు. రెండు చావులుంటే రెండు చావులే. మూడోది వచ్చి చేరినప్పుడే వాటి వెనక ఒక మనిషి నిలబడ్డాడు. ఆ మనిషిని నిలబెట్టింది నేను. లండన్ పత్రికలను తప్పుపట్టిన చేత్తోనే.

అందుకని, తెలిసినదంతా, షంషాద్ చెప్పినదీ, మేస్త్రి పేరూ, నా పేరూ రాసి, వినవలసినవాళ్లకు, అక్కడి పోలీసులకూ ఎంబసీకీ, పంపాను. ఇక్కడ నా పేరు లేదు. అక్కడ ఉంది. ఇంకా జవాబు రాలేదు. రాకపోతే మళ్లీ పంపుతాను. పాత సహోద్యోగులు వద్దన్నారు. పత్రిక పరువు అన్నారు, వయసు అన్నారు. డెస్కును నేనేమీ అనడం లేదు. డెస్కు ఎప్పుడూ ఒక మాట మార్చమని నన్ను అడగలేదు. మార్చింది నా వేళ్లు.

రాజ్యం అక్క అమలాపురం దగ్గర ఒక ఊళ్లో ఉంది. వెళ్లి చెప్పాను. మొత్తం వింది. ఆ తర్వాత లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు కూర్చున్నాను. బయటికి రాలేదు. ఆమె వచ్చి ఏదో ఒకటి అంటుందని ఆశపడ్డానా? పడ్డాను. తిట్టినా తీసుకునేవాణ్ణి. నాకు అది కూడా దక్కకపోవడమే సరి.

చెప్పడం వల్ల ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

రాజ్యాన్ని ఆ లెక్కలోంచి తీసేశాక మిగిలేది ఇద్దరు. వాళ్లది ఒకే హంతకుడి పని అనడానికి నా దగ్గర అప్పుడు ఆధారం లేదు, ఇప్పుడూ లేదు. సముద్రం ఒడ్డున దొరికిన ఆమె మునిగి చనిపోయిందో, ఎవరైనా చంపారో తేలలేదు. చేతులకు గాజులున్నాయని ఎవరో చెబితే నేను తెలుగు మహిళ అని రాశాను. ఆమె ఏ దేశపు మనిషో, పేరేమిటో ఇప్పటికీ తెలియదు. ఆమె కోసం ఎవరూ రాలేదు.