దాపటి పడవకు సుడి

మా ఆయన బందరు కాలవ మీద సరుకు పడవ నడిపేవాడు. డెబ్బయిల్లోకి వచ్చేసరికి బెల్లం, ధాన్యం అన్నీ లారీలెక్కేశాయి. బెజవాడ రేవులో మా పడవ ఖాళీగా నానీ నానీ అడుగు పుచ్చిపోయింది. ఇక మిగిలింది మూటలు మోసే పని. దాని పేరెత్తితే చాలు, ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అంత పౌరుషం ఎందుకయ్యా అని గొణిగేదాన్ని గానీ, ఆయన్ను మూట కింద చూడడం నాకూ ఇష్టం లేదు.

అలాంటప్పుడు నాగాయలంక దగ్గర ఒక జంటపడవ అమ్మకానికుందని కబురొచ్చింది. ఎవరో రిటైరైన ఇంజనీరుగారు విదేశీ పత్రికలో బొమ్మ చూసి, ముచ్చటపడి కట్టించుకున్నారట. రెండు సన్నటి పడవలను దూలాలతో కలిపి, పైన బల్లలు పరిచి, మధ్యలో చిన్న గది, దాని ముందు తెరచాప. ఆ పెద్దమనిషి పోయాక దాన్నెక్కేవాళ్లు లేరు. లారీ వెళ్లలేని లంకలకు సరుకు వెయ్యొచ్చు, నీళ్లు పల్చగా ఉన్నా తేలుతుంది అని మా ఆయన ఉబలాటం. కొనాలంటే పామర్రులో ఉన్న మా నాన్న డబ్బు సర్దాలి. "చూశాకే మాట" అన్నాడు నాన్న. ముగ్గురం బయల్దేరాం.

రెండు మూతుల పడవేంటో నా బొంద అనుకుంటూ వెళ్లాను. గట్టున తాటిదుంగల మీద నిలబెట్టిన దాన్ని చూడగానే నా నోరు మూతపడింది. గదిలో ఇద్దరు పడుకునే బల్ల, పొయ్యి పెట్టుకోవడానికి మూల, గిన్నెలు జారిపోకుండా చెక్క అంచు. అద్దెకొంప చూరు కింద వంగి వంగి నడుం పోయినదాన్ని. ఆ మూలలో నిటారుగా నిలబడి చూశాను. తల తగల్లేదు. ఇద్దరం ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అనిపించింది. అంత ఆశ నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మా ఆయన కిందికి దూరి దబ్బనంతో అడుగు పొడుగునా గుచ్చుకుంటూ పోయాడు. ఎక్కడా దిగలేదు. పిడికిలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. రెండు పడవల్లోనూ బిందెలతో నీళ్లు పోయించి (నాతోనే మోయించాడు మహానుభావుడు) బయట కీళ్లన్నీ తడిమాడు. చుక్క కారలేదు. తాళ్లు చివికాయి, తెరచాపను ఎలుకలు కొట్టేశాయి.

"అవి మార్చుకోవచ్చు. దూలాలు చూడవే, ఇనుము!" అన్నాడు. ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

ఇక నాన్న వంతు. ఆయనకు తెలిసిన జత ఒక్కటే, ఎద్దులు. చుట్టుపక్కల ఎవరు ఎద్దుల్ని కొన్నా ఆయన్ను వెంటబెట్టుకెళ్లాల్సిందే. ఇప్పుడూ కండువా నడుముకు చుట్టి, వెనకనుంచీ ముందునుంచీ చూసి, రెండు పడవల మొనల మీదా అరచెయ్యి వేసి నిమిరాడు. ఎడమదాని దగ్గర చెయ్యి ఆగింది.

"దాపటిదానికి నుదుట సుడి ఉందల్లుడూ."

కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటిది అంటారు. వెంట్రుకల సుడి పడరాని చోట పడితే యజమానికి చేటని రైతుల నమ్మకం. వంగి చూశాను. చెక్కలో కొమ్మ పుట్టినచోట గుండ్రంగా తిరిగిన ముడి అది.

"అది చెక్క ముడి మావయ్యా. పడవకు సుడేంటండీ?" మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎద్దుకుంటేనే చేటు. నీళ్ల మీద పోయేదానికి సుడంటే ఇంకేమన్నా ఉందా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వద్దు."

"నీ చాదస్తం మండ! చిత్రిక పట్టిస్తే పోయేదానికి..." అని నేను ఎగిరాను.

"చిత్రిక పడితే చెక్క మీద పోద్ది. రాత మీద పోద్దా?"

మా ఆయన దబ్బనాన్ని చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

బెజవాడ బస్సెక్కాం. పామర్రులో నాన్న దిగిపోగానే అందుకున్నాను.

"ఆ ముసలాయనకు బుద్ధి లేదు, నీకు నోరు లేదు. ముడిని సుడంటే తలూపుకుంటూ వచ్చేస్తావా?"

"మీ నాన్నకు చెక్క ముడి తెలియదనుకున్నావటే? ఇంటి దూలాలన్నీ దగ్గరుండి కోయించుకున్న మనిషి."

"మరి?"

"సుడి బాగాలేనిది పడవకు కాదే, నాకు. నా చేతిలో ఒకటి పుచ్చిపోయింది. ఆ మాట మొహం మీద అనలేక దాని నెత్తిన పెట్టాడు. మర్యాదస్తుడు."

కాదనబోయాను గానీ, నాన్న నాకు తెలియనివాడా? పెళ్లికొడుకు నచ్చకపోతే ఏ ఇంటివాళ్లనూ నొప్పించకుండా, జాతకాలు కలవలేదండీ అని చెప్పి పంపేవాడు.

ఉయ్యూరులో మా ఆయన లేచాడు. "నువ్వు ఇంటికెళ్లు. చక్కెర ఫ్యాక్టరీలో మూటలెత్తేవాళ్లు కావాలంట. అడిగొస్తా."

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి, వద్దు మావా, వద్దు అని అరిచాను. ఆయన వెనక్కి తిరగకుండానే నన్ను పొమ్మని చెయ్యూపాడు.