అమ్మను మగవాణ్ణి చేసిన ఫైలు

కంప్యూటరంటూ ఉంటే ఏ పనైనా చిటికెలో అయిపోతుందని మనసారా నమ్మే వయసు ఒకటి ఉంటుంది. గుర్గావ్‌లో మొదటి ఉద్యోగంలో చేరేనాటికి నేను సరిగ్గా ఆ వయసులో ఉన్నాను. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గాలి రాని గది, రోజూ అదే ఆలూ పరాఠా, ఆఫీసు బస్సులో సీటు కోసం తోపులాట, అన్నీ ఓర్చుకున్నాను గానీ ఓర్చుకోలేనిది ఒక్కటే, మా స్కేలు సార్. ఏదో ప్రభుత్వ కార్యాలయంలో రిటైరై మా కంపెనీకి అడ్మిన్ పెద్దగా వచ్చారాయన. ఆఫీసు నుంచి ఏది బయటికి వెళ్లాలన్నా ముందు ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాలి. దాని మీద స్టీలు స్కేలు ఆనించి, వరసలు తిన్నగా ఉన్నాయని నమ్మకం కుదిరాకే సంతకం పెట్టేవారు. (లోపల ఏం రాసి ఉందో మాత్రం ఎన్నడూ చదివిన పాపాన పోలేదు.)

ఆ ఏడాది ఉద్యోగుల తల్లిదండ్రులకు కూడా ఆరోగ్య బీమా ఇస్తామని కంపెనీ ప్రకటించింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. గుంటూరులో మా అమ్మకు మోకాళ్లు పూర్తిగా అరిగిపోయి, డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి కూడా ఎవరినో బతిమాలుకోవాల్సి వచ్చేది. సోమవారం ఆపరేషన్ అని డాక్టరు చెప్పేశాడు. బీమా కార్డు చూపిస్తేనే చేర్చుకుంటామని ఆసుపత్రివాళ్లు అన్నారు. ఆ కార్డుల కోసం అందరి వివరాలూ డేటాబేస్‌లోంచి తీసి బీమా కంపెనీకి పంపే పని నాకే అప్పగించారు. మన అమ్మ పని మన చేతుల్లోనే ఉంది, ఇంకేం కావాలి అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

బీమా కంపెనీవాళ్ల యంత్రానికి గీతలు తెలియవు, కామాలు తెలియవు. అది గళ్లు లెక్కపెట్టుకుని చదువుతుంది. పేరుకు ముప్పై గళ్లు, ఆ వెంటనే పుట్టిన తేదీకి ఎనిమిది, ఆ పక్క గడిలో ఆడవాళ్లయితే ఎఫ్, మగవాళ్లయితే ఎమ్. పేరు చిన్నదైతే మిగతా గళ్లు ఖాళీగా ఉంచాలి. అంతకుమించి ఒక్క ఖాళీ కూడా పెట్టకూడదు. రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్‌లో గళ్లన్నీ సరిచూసుకుని, మామూలుగా వచ్చే శీర్షికా, పేజీ నంబరూ తీసేసి, ముచ్చటగా ఫైలు తయారుచేశాను. ప్రింటు చూసి స్కేలు సార్ మొహం చిట్లించారు. పొడుగు పేర్లు తేదీకి అతుక్కుపోయాయట. పైన కంపెనీ పేరు లేక కాగితం బోడిగా ఉందట.

“బేటా, కాలమ్ కో థోడీ సాఁస్ తో లేనే దో” అన్నారు, కాలమ్‌లను కాస్త ఊపిరి తీసుకోనివ్వమని, వాటికేదో ఆయాసం వచ్చినట్టు.

ఇది కాగితం కాదు సార్, యంత్రం చదివే ఫైలు అని నాకొచ్చిన ఇంగ్లీషులోనూ రాని హిందీలోనూ మొత్తుకున్నాను. తన సర్వీసులో శీర్షిక లేని కాగితం గడప దాటలేదని చెప్పి స్కేలు పక్కన పెట్టేశారు. సంతకం లేకపోతే ఫైలు వెళ్లదు, ఫైలు వెళ్లకపోతే కార్డు రాదు. ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు కొరుక్కుంటూ పైన కంపెనీ పేరు, కింద పేజీ నంబరు, పేరుకూ తేదీకీ మధ్య ఆయన అడిగిన ఒక్క ఖాళీ పెట్టి పంపించాను.

యంత్రం నోరెత్తకుండా మొత్తం మింగేసి కార్డులు కక్కింది. శుక్రవారం పొద్దున్నే అమ్మ ఫోను. కార్డు చూపించి చేరదామని వెళ్తే, కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, పేషెంటుగారు రాలేదా, ఆయన్నే తీసుకురావాలండీ అందట.

“ముగ్గురు పిల్లల్ని కన్నాక నన్ను మగాణ్ణి చేశావేంటే?” అంది అమ్మ. కోపంగా అన్నా బాగుండేది. “మళ్లీ ఎప్పుడు రమ్మంటారో. నావల్ల కావట్లేదే.”

ఆ ఒక్క ఖాళీ వల్ల అంతా ఒక గడి పక్కకు జరిగింది. ఎఫ్ ఉండాల్సిన చోట పుట్టిన సంవత్సరం చివరి అంకె వచ్చి కూర్చుంది. ఎఫ్ కానివాళ్లందరినీ యంత్రం మగవాళ్ల కింద కట్టేసింది. ఆఫీసులో ఆడవాళ్లందరం మగవాళ్లమైపోయాం. స్కేలు సార్ భార్య కూడా. అంతా ఒక ఎత్తు, కంపెనీ పేరు మీదా పేజీ నంబరు మీదా కూడా చెరో కార్డు రావడం ఒక ఎత్తు. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి ఆవిడ నవ్వు ఆపుకోలేక, సాయంత్రంలోగా సరైన ఫైలు పంపితే రేపే కొత్త కార్డులు మెయిల్లో పంపిస్తానంది. “ఇస్ బార్ డేటా భేజ్నా దీదీ, షాదీ కా కార్డ్ నహీ” అని, ఈసారి శుభలేఖ కాకుండా డేటా పంపమని వాత కూడా పెట్టింది.

స్కేలు సార్ దగ్గరికి పరుగెత్తి జరిగిందంతా చెప్పాను. ఆయన తాపీగా విని, తప్పు యంత్రానిదేనని తీర్పిచ్చి, శీర్షిక మాత్రం తీయొద్దన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తూ కూర్చుంటే సోమవారం ఆగదు కదా. శీర్షికతో, పేజీ నంబరుతో, కాలమ్‌లకు కావలసినంత ఊపిరితో నిండుగా ఇంకో ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. స్కేలు ఆనించి, “అబ్ ఠీక్ హై” అని సంతోషంగా సంతకం పెట్టారు. దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టేసి, బీమా కంపెనీకి మాత్రం బోడి ఫైలు పంపించాను. ఆయన అక్కడున్నన్నాళ్లూ ఆ ఆఫీసులో ప్రతి ఫైలూ అలాగే రెండు రకాలుగా తయారైంది, ఒకటి సార్‌కి, ఒకటి యంత్రానికి. రెండో రకం సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సోమవారం అమ్మ ఆడదానిగానే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లింది.

మొన్న అమ్మ నా దగ్గరికి వచ్చింది. సరోజినీ నగర్‌లో బట్టలు బేరమాడాలని ఒకటే సరదా. మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ పనిచేయడం లేదు. అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని చకచకా మెట్లెక్కిపోయింది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని ఎవరెవరి ఫైళ్లో సరిచేసే నేను సగంలోనే మోకాలు పట్టుకుని ఆగిపోయాను. పైనుంచి వెనక్కి తిరిగి చూసింది.

“ఏమే, కిందికొచ్చి చెయ్యి పట్టుకోనా?”

“అక్కర్లేదు, నువ్వు పద” అని కసురుకుని, రెయిలింగు గట్టిగా పట్టుకున్నాను.