ఐదు చుట్లు, ఐదు అంజీరాలు

ఎండలో అడుగుపెట్టని మనిషి వటీనియస్. రోజూ ఒక మైలు నడవాల్సిందేనని వైద్యుడు కేకలేశాక, రోమ్‌లో నది పక్కనున్న స్తంభాల వసారాకి రావడం మొదలుపెట్టాడు. ఐదు చుట్లు తిరిగితే మైలని అక్కడి గోడ మీద చెక్కి ఉంది. లెక్క తప్పకూడదని నడుముసంచిలో ఐదు ఎండు అంజీరాలు తెచ్చుకుంటాడు. చుట్టుకొకటి తినాలి. కాని మొదటి మలుపు తిరక్కముందే రెండోది నోట్లో ఉంటుంది. మొన్న భార్య టెర్టుల్లా వచ్చేసరికి మెట్టు మీద కూర్చుని వేళ్లు నాకుతున్నాడు.

"అప్పుడే మైలు అయిపోయిందా అండీ?"

"సంచి చూసుకో. ఒక్కటైనా మిగిలిందా?"

"మరి చెమటేదీ?"

"నీడలో నడిస్తే చెమటెందుకు పడుతుందే!"

మర్నాడు టెర్టుల్లా ఆ సంచిలో అంజీరాలకు బదులు ఐదు గులకరాళ్లు వేసి పంపింది. ఆ రోజు వటీనియస్ ఏడు చుట్లు తిరిగాడు, అంజీరాలమ్మే ముసలమ్మ ఏ స్తంభం వెనక కూర్చుందోనని వెతుక్కుంటూ.