వానరోజు చున్నీ

వాన పడుతోంది, బొగ్గు దుమ్ము లేదు. గోదావరిఖని బస్సులో ఆడవాళ్లు దాదాపు అందరూ ముఖాలకు కట్టుకున్న చున్నీలు విప్పేశారు. నేను విప్పలేదు. ఏ క్రీము రాసినా మండి, నా బుగ్గలు ఎర్రగా పొలుసులు కట్టాయి.

పక్క సీటావిడ కూడా విప్పలేదు. నన్ను కాసేపు చూసి, తన చున్నీ కిందికి జరిపింది. నా బుగ్గల్లాంటివే, కాకపోతే మచ్చలు తగ్గుముఖం పట్టాయి.

"నీకు గూడ మండుతదా చెల్లె?" అంది.

నేనూ విప్పి చూపించాను. ఆవిడ సంచిలోంచి క్రీము ట్యూబు తీసి నా మోచేతి మడతలో కొంచెం రాసింది.

"వాసన లేనిదే కొనుక్కో. నాకు పడ్డదని జల్ది మొఖానికి పెట్టకు. నాలుగు రోజులు ఈడ రాసి చూడు. మండకపోతే గప్పుడు మొఖానికి."

ఆవిడ కమాన్‌పూర్‌లో దిగిపోయింది. ఆ క్రీము నాకూ పడిందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచొచ్చాక చూసుకున్నాను. చున్నీ భుజం మీదే ఉంది, ముఖానికి కట్టుకోవడమే మరిచిపోయాను.