అత్తను ముట్టుకోకుండా మోసిన అల్లుడు

మా అప్పలరాజు బావ ఇక లేడు. ఈ నెల మొదట్లో అక్క ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు, నమ్మలేక మళ్ళీ చెప్పమన్నాను. ఉక్కు ఫ్యాక్టరీలో నీళ్ళ పైపుల పని చేసి రిటైరైన మనిషి. ఉక్కునగరం నుంచి గాజువాక దాకా తెలిసినవాళ్ళలో ఎవరింట్లో నీళ్ళు చొరబడినా స్కూటరెక్కి వచ్చేసేవాడు. ఆయన్ని తలుచుకుంటే దుఃఖం కన్నా ముందు ఒకప్పటి తుఫాను రోజున ఆయన చూపిన హుషారే గుర్తొస్తోంది.

ఆ రోజు మా డాబా మీద తూము పూడుకుపోయి నీళ్ళు నిలిచాయి. కింద గదిలో మా అమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. సరిగ్గా ఆమె మీదే స్లాబు పెచ్చు ఉబ్బి, దాని అంచు నుంచి బొట్లు కారుతున్నాయి. నేను బడిలో కంటే లారీల తూకం దగ్గరే లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. మంచం పక్కన బక్కెట్ పెట్టి, పైన నిలిచిన నీటిని లెక్క కట్టాను. ముప్పై అడుగులు, ఇరవై అడుగులు, అరడుగు లోతు. ఎనిమిదిన్నర టన్నులు! ఫోన్లో బావకి అదే చెప్పాను.

"లారీడు నీళ్ళు నెత్తి మీదెట్టుకుని లెక్కలేత్తన్నావేటి బావా! ముందు కరెంటు మెయిన్ ఆపు. నానొత్తన్నాను."

తడిసి ముద్దై వచ్చాడు. మేడ మీదికి పరిగెత్తుతాడనుకుంటే తిన్నగా అమ్మ గదిలోకి నడిచాడు. "ముందు కరెంటు, తరవాత మనిసి, ఆ తరవాతే నీళ్ళు" అనేది ఆయన పద్ధతి.

అమ్మ కదలనంది! మా వైపు పాతకాలపు అత్తలు అల్లుడి ఎదుటే పడరు. ఇక ఆయన చేతుల మీద ఎత్తించుకోవడమా!

"పేనం పోయినా సరే. అల్లుడి సేత మోయించుకుందని నలుగురూ నవ్వుతారు" అంటూ కొంగు మొహం మీదికి లాక్కుంది. నేనొక్కణ్ణీ ఎత్తబోతే నొప్పికి కేక పెట్టింది. పైన పెచ్చు పెటపెటమంటోంది.

బావ నవ్వాడు. "నిన్ను ముట్టుకోన్లే అత్తా! మంచాన్ని ముట్టుకుంతన్నాను. మంచం నాకు అత్త కాదు గదా!"

కొంగు చాటున అమ్మకి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఆయన తలవైపు, నేను కాళ్ళవైపు పట్టి, మంచాన్ని అమ్మతో సహా వరండాలోకి దాటించేశాం. వెనకాల ధనామని పెచ్చు ఊడిపడింది. మంచం ఉన్న చోటే! బక్కెట్ నలిగి అప్పచ్చి అయిపోయింది.

"సూడు బావా, నీ లెక్కలోకి ఇది రానేదు" అన్నాడు.

అప్పుడు మేడెక్కి, తూములో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సంచి లాగాడు. నీళ్ళు హోరుమని దిగుతుంటే ఇద్దరం పిల్లల్లా కేకలు పెట్టాం.

పండగకి ఆ నానిన గోడలకు సున్నం వేయిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. గోడకి పాలిథిన్ కాగితం అంటించి, దాని లోపల చెమ్మ పట్టడం మానేదాకా "గోడకింకా జొరం తగ్గనేదు బావా" అని రంగులవాణ్ణి తిప్పి పంపేవాడు. ఆ గోడ ఈనాటికీ పొట్టు రాల్చలేదు.

అంత మనిషిని గుండెపోటు క్షణాల్లో తీసుకుపోయింది. నాకు తెలిసిన కొలతలేవీ ఈ లోటుకు చాలవు. పదో రోజున మా అమ్మ కర్ర ఊతంతో తనే నడిచి వచ్చి, ఆయన ఫోటో దగ్గర కూలబడింది.

"నన్ను బతికించీసి నువ్వెల్లిపోనావేటి బాబూ" అంది.