నాగమ్మ గారి తోటలో నీటి దారి

1954. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఇంకా ఏడాది నిండలేదు. కొన్ని ఆఫీసులు గుడారాల్లోనే నడుస్తున్నాయి. ఉద్యోగులకు ఇళ్ళు దొరకడం లేదు. నేను గుంటూరు వైపు నుంచి ఓవర్సీరుగా కొత్తగా వచ్చాను. ఇంజనీరు గీసిన ప్లాను నేల మీద సరిగ్గా దిగేలా చూడడం ఓవర్సీరు పని. క్వార్టర్లు కట్టడానికి హంద్రీ వైపున్న ఒక పాత తోటను కొలిచి రిపోర్టు ఇమ్మన్నారు.

తోట నాగమ్మ గారిది. భర్త పోయాక పదేళ్ళుగా సేద్యం ఆవిడే చూసుకుంటున్నారు. మామిడి, ఇక్కడివాళ్ళు చీనీ అనే బత్తాయి, నేరేడు కలిపి నలభై రెండు చెట్లు. ఎగువన ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి, దాని పక్కనే నాపరాళ్ళు పరిచిన మట్టిమిద్దె. మా ప్లాను ప్రకారం బావీ మిద్దే ఉన్న ఎగువ సగం ప్రభుత్వానికి, దిగువ సగం ఆవిడకి. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంది.

ఆవిడ అడ్డు చెప్పలేదు. గొలుసు పట్టి కొలుస్తున్నంతసేపూ అరుగు మీద కూర్చుని చూశారు. భూమి, చెట్లు, బావి, కట్టడం అని నా ఫారంలో నాలుగు గడులుండేవి. అవి నింపి చదివి వినిపించాను.

"కాలవని యాడ రాసినావప్పా?" అన్నారు.

కాలువకు గడి లేదని చెప్పాను. కానీ మనసు ఆగక కాలువ వెంట నడిచాను. జానెడు వెడల్పు రాతి కాలువ, చెట్ల మధ్య అడ్డదిడ్డంగా వంకర్లు తిరిగి ఉంది. కట్టినవాడికి పని రాదనుకున్నాను. ఇంతలో కపిల తోలే కాశీం సాబు ఎద్దుల్ని కదిలించాడు. మామూలుగా ఏ తోటలోనైనా ఒక మనిషి పార పట్టుకుని, చెట్టుచెట్టుకీ కాలువ గట్టున మట్టి మడవ తెంచి మళ్ళీ కట్టాలి. ఇక్కడ ఎవరూ లేరు. కాలువ పక్కరాళ్ళకున్న చిల్లుల గుండా నీళ్ళు అన్ని చెట్లకూ వాటంతట అవే పోతున్నాయి.

ఆదివారం డంపీ లెవెల్ తీసుకుని సొంతంగా వెళ్ళాను. నేల ఎత్తుపల్లాలు చూపించే దుర్బిణీ అది. కాశీం సాబు కొలకర్ర పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి తెలిసింది, ఆ వంకర్లన్నీ నేలవాటం చూసి తిప్పినవని. కాలువ మొదటి నుంచి చివరిదాకా వాలు ఒక్కటే, ఎక్కడా తేడా లేదు. చిల్లులు బావి దగ్గర చిన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి. మిద్దె మీద పడిన వాన కూడా తూము గుండా కాలువలోకే దిగుతుంది.

ఏ సాధనమూ లేకుండా ఇదెలా చేశారని నాగమ్మ గారిని అడిగాను.

"మా మామోళ్ళ నాయన చేసినాడంట. వాన పడితే నీళ్ళు యాడ నిలిస్తే ఆడ పుల్లలు గుచ్చేది. వాన రాని ఏడు పని ఆపేది. శానా ఏండ్లు పట్టిందంట. నీళ్ళను అడిగి తవ్వినాడని మా అత్త చెప్తాండె."

ఎగువ సగం తీసుకుంటే దిగువ చెట్లు ఎండిపోతాయని నాకప్పుడు తట్టింది. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదన్నాను. అడిగినోళ్ళు ఎవరున్నారని నెమ్మదిగా అన్నారు.

రిపోర్టులో రిమార్కుల గడి ఖాళీగా వదిలేయడం మా అలవాటు. ఆ రోజు కాలువ సంగతి అందులో పట్టక వెనక పేజీ కూడా నింపాను. నిన్నెవరు అడిగారని ఇంజనీరు గారు కోప్పడ్డారు. కానీ రెండు రోజుల తర్వాత స్వయంగా వచ్చి, బూట్లు విప్పి, నీళ్ళు చివరి చెట్టు చేరేదాకా కాలువ గట్టునే నడిచారు. తోట మొత్తం వదిలేయడం తన చేతుల్లో లేదనీ, ఏ సగం ఉంచుకుంటారో ఆవిడే చెప్పాలనీ అన్నారు. బాగా కాసే మామిళ్ళన్నీ దిగువనే ఉన్నాయి. ఆవిడ ఆ చెట్ల మధ్య ఒకసారి నడిచి వచ్చారు.

"కింద తీసుకోండప్పా. బావి ఉంటే చెట్లు మళ్ళా పెట్టుకుంటాం."

చెట్లు కొట్టిన రోజు ఆవిడ బయటికి రాలేదు. కాలువను సరిహద్దు దగ్గర నేనే సిమెంటుతో మూయించాను. ఎగువ తోట దక్కిందన్న తృప్తితో వచ్చేశాను.

నెల తిరక్కుండా కాశీం సాబు ఆఫీసుకు వచ్చాడు. మూత దగ్గర నీళ్ళు వెనక్కి ఎగదన్ని, అక్కడి చీనీచెట్లు బురదలో నానుతున్నాయట. కపిల తగ్గించి తోలితే బావి దగ్గరి చెట్లకు తడి చాలడం లేదట. వెళ్ళి చూశాను. ప్రతి చిల్లూ నలభై రెండు చెట్లను లెక్కపెట్టుకుని తొలిచింది. మిగిలిన ఇరవై చెట్లకు ఆ లెక్క పనికిరాదు. ఆదివారాలు పోయి, ఒక్కో చిల్లును సున్నంతో కొంచెం పూడుస్తూ, తడి చూసి మళ్ళీ గోకుతూ ఉండేవాణ్ణి. అది ఒక కొలిక్కి వచ్చేసరికి 1956 వచ్చింది. రాజధాని హైదరాబాదుకు పోయింది. దిగువన లేచినవి ఆరు ఇళ్ళే. మిగతా నేలంతా కంపచెట్లు.

ఆ తర్వాత కడప జిల్లాలో ఎన్నో పాత తోటలు, పాత ఇళ్ళు కొలిచాను. సగమే కదా తీసుకుంటున్నాం అని పైవాళ్ళు అన్నప్పుడల్లా, మిగిలిన సగం ఎలా బతుకుతుందో చూసి వచ్చి చెప్తానని రెండు రోజులు గడువు అడిగేవాణ్ణి. కొందరు ఇచ్చేవారు.