వేళ్లు లెక్కపెట్టినవాళ్లు

నేను పనిచేసే స్టూడియో కోకాపేటలో ఒక అద్దాల భవనం తొమ్మిదో అంతస్తులో ఉంది. బయటి దేశాల్లో అచ్చయ్యే ఆటల పుస్తకాలకు మేం బొమ్మలు వేస్తాం. ఈ ఆటలు తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర అవుతారు. తలుపు విరిగిందా లేదా, బాణం తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆటకు కావలసిన నియమాలు, ఊళ్లు, రాక్షసులు అన్నీ ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం నిండా బొమ్మలుంటాయి. వాటిలో కొన్ని నావి. నా పేరు మాత్రం ఎక్కడా ఉండదు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో స్టూడియో పేరు వేస్తారు. ఏ బొమ్మ ఎవరు వేశారో బయట చెప్పబోమని చేరిన రోజే మాతో సంతకం పెట్టించుకున్నారు.

పదకొండేళ్లుగా ఇదే పని. ఇప్పుడు కుడి మణికట్టుకు పట్టీ కట్టుకోకుండా, కంప్యూటర్ తెర మీద బొమ్మ గీసే స్టైలస్ పట్టుకోలేను. బొమ్మ ఎలా ఉండాలో ప్రచురణకర్తలే ముందుగా రాసి పంపుతారు. వెలుతురు ఎటునుంచి పడాలి, కవచం ఎంత మెరవాలి, భుజాలు ఎంత వెడల్పుండాలి, అన్నీ అందులో ఉంటాయి. యుద్ధంలో చచ్చేంత అలసిపోయినవాడి చెమట కూడా నిగనిగలాడాలి. మొదట్లో వాదించేదాన్ని. తర్వాత మానేశాను.

ఒక్క బొమ్మకు మాత్రం వాళ్లు పెద్దగా షరతులు పెట్టలేదు. ముసలి యోధురాలు, యుద్ధం ముగిశాక విశ్రాంతి తీసుకుంటోంది. అంతే రాసి పంపారు. ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, తెగిన చెప్పు వారు ముడివేసుకుంటున్నట్టు వేయాలనుకున్నాను. ముఖం ఊహించుకోగలను. చేతులే కుదరలేదు. ఎన్నిసార్లు గీసినా అవి కష్టం చేసిన చేతుల్లా రాలేదు, ప్రకటనల్లో సబ్బు పట్టుకునే చేతుల్లా వచ్చాయి.

మా అంతస్తు ఊడ్చి తుడిచే అక్క ఒకామె ఉండేది. పాలమూరు దిక్కు మనిషి, యాభై దాటి ఉంటాయి. మొదట మేడం అని పిలిచేది, కొన్నాళ్లకు బిడ్డా అనడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఆమెను ఆపాను.

"అక్కా, ఒక్క ఐదు నిమిషాలు కూర్చుంటవా? నీ చేతులు ఫోటో తీసుకుంట."

"నా చేతులా?" అని ఆమె నవ్వింది. "గీ చేతులల్ల ఏమున్నదని తీస్తవ్ బిడ్డా?"

కుర్చీ ఇస్తే కూర్చోలేదు. నేల మీదే కూర్చుంది. నా ఐడీ కార్డు తాడు ఇచ్చి, దాన్ని చెప్పు వారు అనుకుని ముడివేయమన్నాను. వేసింది. అప్పుడు చూశాను. ఎడమచేతి చిటికెన వేలు సగం వరకే ఉంది. రోజూ నా బల్ల తుడిచే చెయ్యే అది. అంతవరకు నేను గమనించలేదు.

"ఇదేమైంది అక్కా?"

"సెంట్రింగ్ రేకు మీద వడ్డది. గా ఎదురుంగున్న బిల్డింగు కట్టేటప్పుడే." అద్దంలోంచి కనిపించే భవనం వైపు గడ్డంతో చూపించింది. "దవాఖానకు తీస్కపోయిన్రు గని, వేలు ఆడనే వాయె."

ఆ వేలు అలాగే వేశాను. ముడి బిగించేటప్పుడు మిగతా వేళ్లు ఆ సగం వేలికి చోటు ఇచ్చి వంగుతాయి. ఆ వంపు కోసమే మూడు వారాలు కష్టపడ్డాను. చాలా ఏళ్ల తర్వాత ఒక బొమ్మను ఇష్టంగా వేశాననిపించింది. మా ఆర్ట్ లీడ్ గోదావరి జిల్లాల ఆయన, నెమ్మదస్తుడు. వెనక నిలబడి చూసి, "చెయ్యి చాలా సహజంగా వచ్చిందండి," అని పంపించేశాడు.

కొన్ని నెలలకు పుస్తకం వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నల్లగండ్లలో ఒక స్నేహితుడి ఫ్లాట్లో మేం ఇదే ఆట ఆడతాం. అతను వరంగల్ అతను, డేటాబేసుల పని చేస్తాడు. కథ నడిపేది అతనే. అతని భార్యది కాకినాడ. నేను ఆఫీసులో బొమ్మలు వేస్తానని వాళ్లకు తెలుసు, ఏ పుస్తకాలకో తెలియదు. ఆ ఆదివారం అతను కొత్త పుస్తకం అట్టపెట్టెలోంచి తీసి, ఇదే ఆటకు ఏళ్ల కిందట వచ్చిన పాత పుస్తకం పక్కన పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏంది ఇది? అందరు జిమ్ముకెళ్లి సీదా యుద్ధానికి వచ్చినట్టున్నరు," అన్నాడు. "పాత దాంట్ల చూడు. నల్ల గీతలు, అంతే. గుహ అంటే సగం చీకటి వదిలేసిండు. లోపల ఏమున్నదో మనం ఊహించుకుంటుంటిమి. దీంట్ల ఊహించుకునేతందుకు ఏం మిగిల్చిన్రు?"

అతని భార్య పాత పుస్తకం లాక్కుని ఒక పేజీ తెరిచింది. "నీ నల్ల గీతలాయన ఆడవాళ్లని ఎలా వేశాడో చూశావా? మంచుకొండ ఎక్కుతోంది, ఒంటిమీద జానెడు గుడ్డ లేదు. కొత్త పుస్తకంలో కనీసం కోటు ఇచ్చారు. ఇదిగో, ఈ ముసలావిణ్ణి చూడు. ఈవిడ నిజంగా యుద్ధం చేసొచ్చినట్టు లేదూ?"

అది నా బొమ్మే. అతను వంగి చూశాడు.

"మనిషి బాగనే ఉన్నది. గని మొత్తం నున్నగ చేసేసిన్రు. గడ్డి సుత ఫోన్‌ల ఆట లెక్క మెరుస్తున్నది."

నేను ఇంకో కప్పు చాయ్ పోసుకున్నాను. చిత్రమేమిటంటే, ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. నేనూ చిన్నప్పటి నుంచి ఇంకు గీతలంటే పడి చచ్చేదాన్ని. ఆ మెరుపు వాళ్లు వేయమంటేనే వేశాను. కానీ అది ఎలా చెప్పను?

ఇంటర్నెట్లో ఈ పుస్తకాల అభిమానులు కలుసుకునే ఒక ఫోరం ఉంది. ఆఫీసు బస్సులో దాన్ని చదవడం నాకు ఎప్పటినుంచో ఉన్న చెడ్డ అలవాటు. పాత బొమ్మల్లో ప్రాణం ఉండేదని కొందరంటారు. ఆ పాత చిత్రకారులకు మోకాలు ఎక్కడుంటుందో కూడా తెలియదని కొందరు తిరగబడతారు. ఒకరికి రంగు కావాలి, ఒకరికి రంగు వద్దు. పుస్తకం మొత్తం ఒకే చేయి వేసినట్టుండాలని ఒకరు, అలా ఉంటే విసుగని ఇంకొకరు. ఏళ్ల తరబడి ఇదే గొడవ. మావి ప్లాస్టిక్ బొమ్మలు అన్న మాట చదివి కూడా నేను హాయిగా అన్నం తినగలిగేదాన్ని.

పుస్తకం వచ్చిన మూడో వారంలో ఎవరో నా ముసలామె చేతిని మాత్రం కత్తిరించి, పెద్దది చేసి, చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పెట్టారు. "ఇది ఏఐ బొమ్మ. వేళ్లు లెక్కపెట్టండి," అని కింద రాశారు. కంప్యూటరే తయారుచేసే ఏఐ బొమ్మల్లో చేతివేళ్ల లెక్క తప్పుతుందని పేరు.

లెక్కపెట్టారు. సాయంత్రం బస్సెక్కేసరికి ఆ పోస్టు కింద వ్యాఖ్యలు చదివినకొద్దీ వస్తూనే ఉన్నాయి. మనిషన్నవాడు ఇంత నున్నగా వేయడని ఒకరు రాశారు. డబ్బు పెట్టి కొంటే యంత్రం ఉమ్మింది అంటగడతారా అని ఇంకొకరు. ఒకవేళ మనిషే వేసి ఉంటే, ఆ మనిషికి చెయ్యి వేయడం రాదని మరొకరు. ఆవిడ యోధురాలు కదా, వేలు పోయి ఉండొచ్చు కదా అని ఒక్కరంటే ఒక్కరు అడిగారు. ఆ మాట మిగతావాటి కింద ఎక్కడో పడిపోయింది.

నేనేమీ రాయలేదు. సంతకం ఒక కారణం. నిజం చెప్పాలంటే, ఓపిక లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

సోమవారం పొద్దున్నే లీడ్ నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఏవండీ, చిన్న ఇబ్బంది వచ్చిందండి," అన్నాడు. ప్రచురణకర్తలు రుజువు అడిగారట. చిత్తు గీతలు, రంగుల పొరలు, చూసి వేసిన ఫోటోలు, అన్నీ పంపాలి.

"మీ ముందే కదండీ వేశాను," అన్నాను.

"నాకు తెలుసండి. నా కళ్లతో చూశాను. కానీ వాళ్లకి నా కళ్లు సరిపోవు కదా."

రెండు రోజులు పాత ఫైళ్లు వెతికాను. నేను వేసిన బొమ్మ నేనే వేశానని నిరూపించుకోవడానికి, ఏ రోజు ఏ గీత గీశానో వరసగా పేర్చాను. కొన్ని పొరలు అప్పుడే ఒకటిగా కలిపేసి ఉన్నాయి, ఇప్పుడు విడదీసి చూపలేను. వాటికి క్షమాపణలాంటిది రాశాను. అన్నింటికంటే గట్టి రుజువు అక్క చేతి ఫోటో. ముఖం కనపడకుండా కత్తిరించి అదీ పెట్టాను. ఆమెను అడగాలని అప్పుడు తట్టలేదు.

రెండు లైన్ల జవాబు వచ్చింది. వాళ్లకు నమ్మకం కుదిరింది. అయితే ఇకముందు అపోహలు రాకుండా, రెండో ముద్రణకు ఆ వేలు సరిచేసి ఇవ్వమన్నారు.

"అది తప్పు కాదు కదండీ, సరిచేయడానికి," అన్నాను.

లీడ్ నా తెర మీద ఆ చేతిని పెద్దది చేసి చూశాడు. "తప్పు కాదండి. కానీ కొన్న ప్రతివాడికీ ఎవరు వెళ్లి చెబుతారు చెప్పండి? ఒక్క వేలే కదా. అరగంట పని."

మరుసటి రోజు అక్క ప్యాంట్రీలో కప్పులు కడుగుతుంటే వెళ్లి అంతా చెప్పాను, అడగకుండా ఫోటో పంపిన సంగతితో సహా. ఆమె దానికేమీ అనుకోలేదు. మిగతాది విని చాలాసేపు నవ్వింది.

"గంత దూరమున్నోళ్లు నా వేళ్లు లెక్కవెట్టిన్రా?"

"నవ్వకు అక్కా. ఇప్పుడు పూర్తి వేలు పెట్టమంటున్నారు. నాకైతే ఇష్టం లేదు. నువ్వు వద్దంటే నేనూ వద్దని చెప్తా."

ఆ మాట అంటున్నప్పుడే తెలుసు, నేను మోయలేని బరువు ఆమె మీద పెడుతున్నానని. ఆమె కొళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పెట్టు బిడ్డా. నాకైతే రాదు గని, బొమ్మకన్న రానీ."

అరగంట పని కాదు, ఒక పూట పట్టింది. వేలొకటి అతికిస్తే సరిపోదు. చోటిచ్చిన వేళ్లన్నీ మళ్లీ సర్దుకోవాలి. ఆమె కుడిచేతి ఫోటోను అద్దంలోలా తిప్పి, దాన్ని చూసి వేశాను. పెట్టిన వేలు కూడా ఆమెదే కావాలని నా పట్టుదల. ఎవరికీ తెలియని పట్టుదల.

బొమ్మ పంపాక రెండింటినీ మంచి కాగితం మీద ప్రింటు తీయించి అక్కకు చూపించాను. నచ్చింది తీసుకోమన్నాను. మొదటిదే తీసుకుంటుందని నాకు సందేహమే లేదు. ఆమె రెండూ కిటికీ వెలుతురులో పెట్టి చూసి, పూర్తి వేలున్న దాని మీద చెయ్యి వేసింది.

"గిది ఇయ్యి. నా పెండ్లినాడు చెయ్యి గిట్లనే ఉండె."

"ఇదే నీ అసలు చెయ్యి కదా అక్కా," అని మొదటిది చూపించాను.

"అది రోజు చూస్తనే ఉన్న గద."

ఆ తెగిన వేలు నా బొమ్మకు నిజం తెచ్చిందని మురిసిపోయాను. ఆమెకు అది చలికాలంలో సలిపే వేలు, బకెట్ ఎత్తితే జారిపోయే పట్టు. ఫోరంలో వాళ్లు వేళ్లు లెక్కపెట్టారని కోపం తెచ్చుకున్న నేను, అంతకంటే ఎక్కువ ఏం చూశాను? ప్రింటును గొట్టంలా చుట్టి రబ్బర్ బ్యాండు వేసి ఇచ్చాను. కొన్నాళ్లకు, పనివాళ్లను పంపే ఏజెన్సీ వాళ్లు ఆమెను వేరే భవనానికి మార్చారు. ఎక్కడికో కనుక్కోవాలనుకుంటూనే వారాలు గడిపేశాను.

రెండో ముద్రణ వచ్చాక ఒక ఆదివారం నల్లగండ్లలో ఆట మొదలవకముందు, నా స్నేహితుడు ఫోన్ చూస్తూ అన్నాడు. "ఆ ముసలామె వేలు మార్చిన్రట. ఇప్పుడేమో ముందుదే బాగుండె, భయపడి పాడు చేసిన్రు అంటున్నరు అందరు."

"అది నేనే వేశాను," అన్నాను. ఎందుకు ఆ రోజే చెప్పానో తెలియదు. దాచడానికి కూడా కొంత బలం కావాలేమో.

ఇద్దరూ నా వైపు చూశారు.

"మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలే?" అన్నాడతను. అతని ముఖం ఎర్రబడింది. "నేను ఎన్నెన్ని మాటలంటిని!"

"నువ్వన్న వాటిల్లో సగం నాకూ అనిపించినవే. మిగతా సగం వాళ్లు వేయమన్నవి."

అప్పుడు అక్క సంగతి చెప్పాను. ఫోటో, ఎర్ర సున్నా, రుజువులు, వేలు సరిచేయమనడం వరకు. అతను ఫోన్ బోర్లించి పెట్టి విన్నాడు. అయిపోయాక, "రంగుల సంగతి మాత్రం నేను మాట మార్చుకోను," అన్నాడు మెల్లగా, అనొచ్చో అనకూడదో తెలియనట్టు.

"మార్చుకోకు," అన్నాను. నవ్వొచ్చింది. కనీసం ఇతను బొమ్మ గురించి మాట్లాడుతున్నాడు.

అతని భార్య పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీ తెరిచి చూస్తోంది. "ఆవిడకి బొమ్మ నచ్చిందా?" అని అడిగింది.

"నచ్చింది. రెండోది నచ్చింది."

తలుపు గంట మోగింది. మిగతావాళ్లు వచ్చారు. బల్ల మీద చోటు చేసి పుస్తకాలు పక్కకు జరిపాం. ఆ రోజు నాకు ఆట మీద మనసు నిలవలేదు. మణికట్టు నొప్పిగా ఉందని చెప్పి, గంటసేపు ఆడి ఇంటికి వచ్చేశాను.